ఎదురుగా కూర్చునే మనిషి

మా ఆడబిడ్డ అరుణజ్యోతి ఎం.ఏ. సంగీతం ఎక్కడ చదవాలన్న దాని మీద ఆ రోజుల్లో మా ఇంట్లో అందరూ మాట్లాడారు, ఆమె ఒక్కతే తప్ప. మా ఆయన పాండు మాట్లాడాడు. అత్తమ్మ ఆగమ్మ మాట్లాడింది. సంగీతం గురించి అక్షరం తెలియని నేనూ మాట్లాడాను. రెండు చోట్లకూ జ్యోతికి తోడు వెళ్లినదాన్ని కాబట్టి ఆ హక్కు నాకుందనుకున్నాను.

ముంబై దగ్గర భివండిలో, పద్మనగర్‌లో వరుస గదుల చాల్‌లో మాది మేడమీది గది. గోడకు అవతలే సాంచాల కార్ఖానా. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. అవి పగలూ రాత్రీ ఆడుతూనే ఉంటాయి, శుక్రవారం ఒక్కరోజు ఆగుతాయి. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకు నాకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు శుక్రవారం పట్టదు.

మా మామ లస్మయ్య జగిత్యాల పక్క ఊళ్లో కూలి దొరక్క మీసాలు రాకముందే ఇక్కడికొచ్చాడు. అప్పటినుంచీ సాంచాల మధ్యే బతికాడు. ఆయన చెవులు చాలావరకు పోయాయి. వెనకనుంచి పిలిస్తే పలకడు. ముందుకెళ్లి నిలబడి గట్టిగా అరిస్తే పలుకుతాడు. అత్తమ్మ మాత్రం ఆయనతో ఎన్నడూ గొంతు పెంచదు, అయినా వాళ్లిద్దరి మధ్యా పనులు జరిగిపోతుంటాయి. పాత కాపురం కదా, కళ్లు చూసే కనిపెట్టుకుంటారనుకునేదాన్ని.

జ్యోతి పాట మాత్రం ఆయనకు వినబడుతుందని మా అందరి నమ్మకం. ఆ పిల్లకు పాట మరాఠీ బడిలో ఒక టీచరమ్మ వల్ల అంటుకుంది. తర్వాత కళ్యాణ్‌లో ఒక కాలేజీలో సంగీతంతోనే డిగ్రీ చేసింది. సాయంత్రం ఆమె సాధనకు కూర్చుంటే చాలు, మామ పనినుంచి వచ్చి, ఒంటికంటిన దూది దులుపుకొని, ప్లాస్టిక్ స్టూలు లాక్కుని సరిగ్గా ఆమెకు ఎదురుగా కూర్చుంటాడు. ట్యూబ్‌లైటు వెయ్యమంటాడు. మోకాలి మీద వేలితో తాళం వేస్తాడు. జ్యోతి సాంచాల చప్పుడును దాటి పాడుతుంది. కింద కిరాణా కొట్టుదాకా వినబడుతుంది. "ఏం గొంతు! మైకు మింగిందా పొల్ల?" అని చాల్‌లో వాళ్లు నవ్వుతారు. అందులో గర్వం కూడా ఉంటుంది.

ఒకసారి మాత్రం మామకు ఆమె పాట నచ్చలేదు. కాలేజీ వార్షికోత్సవంలో మైకు ముందు పాడి మొదటి బహుమతి తెచ్చుకుంది. మేమంతా వెళ్లాం. తిరిగొస్తూ ఆటోలో మామ, "ఇయ్యాల మంచిగ లేదు బిడ్డా" అన్నాడు. జ్యోతి మొహం మాడిపోయింది. తన గొంతు నాయినదాకా చేరలేదనుకుంది. ఆ మర్నాటినుంచి ఇంకా గట్టిగా పాడటం మొదలుపెట్టింది.

డిగ్రీ అయ్యాక రెండు విశ్వవిద్యాలయాలు ఆమెను పాట వినిపించమని పిలిచాయి. మొదటిది ముంబైలో కొత్తది. పొద్దున లోకల్ పట్టుకుంటే రాత్రి భోజనానికి ఇంట్లో ఉండొచ్చు. నాకు రాగాలు తెలియవు కాని, ఒక గదిని చూస్తే అక్కడ ఎవరు ఎంత శ్రద్ధగా ఉన్నారో తెలుస్తుంది. ఆ హాలు చల్లగా, మెరుస్తూ ఉంది. గోడవారగా నాలుగు కొత్త తంబూరాలు నిలబెట్టారు. వాటి మెడల మీద దుమ్ము సన్నగా పట్టి ఉంది. తీగలున్న చోట కూడా పట్టి ఉంది. అంటే వాటిని ఎవరూ ముట్టుకోవడం లేదన్నమాట.

జ్యోతి పాడింది. విభాగం పెద్ద ఆయన రెండు నిమిషాలు కూడా కాకముందే చప్పట్లు కొట్టాడు. "ఏం పవరమ్మా!" అన్నాడు హిందీలో. ఇంకో ఇద్దరిని పిలిచి మళ్లీ పాడించాడు. ఫోనులో రికార్డు చేసుకున్నాడు. మంచి మనిషే, మాకు టీ ఇప్పించి గేటు దాకా వచ్చాడు. సీటు అక్కడికక్కడే ఇచ్చేశాడు. డిసెంబరులో జరిగే ఉత్సవంలో మొదటి పాట నీదేనన్నాడు.

నేను పొంగిపోయాను. ఆ దుమ్ము సంగతి మరిచిపోయాను.

రెండోది వడోదరలో. అక్కడికి వెళ్లడమెందుకన్నాడు పాండు. "మాట ఇచ్చిన, పోయి రావాలె" అంది జ్యోతి. ఇద్దరం భివండి రోడ్ స్టేషన్‌లో బండెక్కి వసైలో మారి వెళ్లాం.

పాత భవనం. గుమ్మం బయట చెప్పులు వరుసగా ఉన్నాయి. లోపల ఒక మేడం పాఠం చెబుతోంది. నెరిసిన జుట్టు, నూలు చీర. మమ్మల్ని చూసింది, కళ్లతోనే కూర్చోమంది, పాఠం ఆపలేదు. ఎదురుగా ఉన్న అబ్బాయికి ఏదో ఒక స్వరం కుదరడం లేదు. అతను అంటున్నాడు, ఆమె తల అడ్డంగా ఊపుతోంది. మళ్లీ అంటున్నాడు. ఆమె విసుక్కోలేదు, గొంతు పెంచలేదు. అతను పాడుతున్నంతసేపూ అరచేతిని గాలిలో కొంచెం పైకి, ఇంకా కొంచెం పైకి, గోరంత పైకి జరుపుతూ చూపించింది. ఆఖరుకు ఆ పిల్లవాడి గొంతు ఆ చేతి దగ్గరికి వెళ్లి ఆగింది. నాలాంటిదానికి కూడా తెలిసిపోయింది. మేడం "ఊఁ" అంది, అంతే. ఆ పిల్లవాడి మొహం చూడాలి! ఇంట్లో గిన్నె మాడితే నేను చేసే రాద్ధాంతం గుర్తొచ్చి సిగ్గేసింది.

తర్వాత జ్యోతిని పాడమంది. పాట పూర్తయ్యేదాకా కళ్లు మూసుకుని విన్నది. చప్పట్లు లేవు.

"నీ పాట ఎవరినో తోసుకుంటూ వస్తోంది. ఎవరిని?" అని హిందీలో అడిగింది.

జ్యోతికి అర్థం కాలేదు.

"మీ ఇల్లెక్కడ?"

"భివండి. గోడ పక్కన పవర్‌లూమ్‌లు."

"ఇక్కడ లూమ్‌లు లేవుగా. నా ఒక్కదానికే వినిపించేలా పాడు."

జ్యోతి ప్రయత్నించింది. ఊరంతా వినే ఆ గొంతు, తగ్గించేసరికి వణికింది. స్వరం జారింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ జారింది. ఒళ్లో పెట్టుకున్న చేతులు పిడికిళ్లు బిగిసి ఉన్నాయి. ఆమె పిడికిళ్లు బిగించి పాడుతుందని ఇన్నేళ్లలో నేను గమనించనేలేదు.

మేడం వచ్చి ఆమె పక్కన కూర్చుని, పిడికిళ్లు తనే విప్పింది. "గొంతు చాలా మంచిది. కాని ఇట్లాగే పాడితే నీకు ముప్పై ఏళ్లు వచ్చేసరికి మిగలదు. నా దగ్గరకు వస్తే మొదటి ఏడాది స్టేజీ లేదు. మంద్రంలోనే, నెమ్మదిగా పాడాలి. ఇదివరకు నేర్చింది సగం వదిలెయ్యాలి. శనివారం లోపల ఆలోచించుకుని చెప్పు" అంది.

బయటికి రాగానే నాకు ఒళ్లు మండింది. "బహుమతులు తెచ్చుకున్న పిల్లని పట్టుకుని మొదటినుంచి మొదలుపెట్టమంటుందేమిటి?" అన్నాను. జ్యోతి నవ్వింది.

"వదినా, పాడినంక నాకు రోజూ గొంతుల ముల్లు గుచ్చినట్టుంటది. ఎవలికి చెప్పలే. ఆమె ఇట్ల ఇనంగనే పట్టుకున్నది. ముంబై సార్‌కు గది తెల్వలే గద?"

ఆ మాటతో నా కోపం దిగిపోయింది. తనను పొగిడిన చోటును పక్కన పెట్టి, తన లోపం పట్టుకున్న చోటు వైపు మొగ్గడం ఇరవై రెండేళ్ల పిల్లకు ఎలా చేతనవుతుంది? ఆ వయసులో నేను కరీంనగర్‌లో డిగ్రీ చదువుతూ, మార్కులు బాగా వేసే లెక్చరర్ల క్లాసుల్లోనే కూర్చునేదాన్ని.

"అయితే ఇక్కడే చేరు. మీ అన్నకు నేను చెబుతాను" అన్నాను.

జ్యోతి వసై దాకా కిటికీలోంచి చూస్తూనే ఉంది. బండి మారాక అంది.

"ఈడ చేరితే గొంతు తగ్గుతది వదినా. ఇగ నాయినకు ఇనరాదు. నాయిన ఇనకపోతే నేనెవలికి పాడాలె?"

 ఇద్దరం భివండి రోడ్‌లో దిగి ఆటో ఎక్కాం.

ఇంట్లో పాండు అప్పటికే తీర్పు చెప్పి కూర్చున్నాడు. ఆయన అంజూర్ ఫాటాలో గోదాము సూపర్‌వైజరు. ఏ సరుకు ఏ లారీలో ఎక్కించాలో చెప్పినట్టే ఇంట్లోనూ చెబుతాడు.

"ఇగ సోచాయించుడేంది? ముంబైది పక్కా చేసెయ్యి. గా వడోదరల పప్పుల శక్కరేస్తరట తెలుసా?"

"మంచిగనే ఉంటది తియ్‌రా," అంది అత్తమ్మ. "శక్కర పప్పు తింటే గొంతు గూడ తియ్యగైతది. నువ్వు చిన్నప్పటిసంది మిరపకాయలు తిన్నవు, గందుకే నీ నోరు గట్లున్నది."

"టెన్షన్ నకో అన్నా," అంది జ్యోతి. "ముంబైలనే చేరుత."

అంత తేలిగ్గా అనేసింది. పాండు సంతోషంగా ఫోను తీసుకుని స్నేహితులకు చెప్పడానికి బయటికెళ్లాడు. ఆ రాత్రి జ్యోతి సాధన చెయ్యలేదు. బండి ప్రయాణం, తల నొప్పంది. మామ స్టూలు వేసుకుని కాసేపు చూసి, స్టూలు మళ్లీ మంచం కిందికి తోసేశాడు.

మర్నాడు శుక్రవారం. సాంచాలు ఆగాయి. ఎవరింట్లోనో కుక్కరు కూత, కింద గల్లీలో అల్లం వెల్లుల్లి అమ్మేవాడి కేక, అన్నీ విడివిడిగా వినబడుతున్నాయి. పాండు గోదాముకు వెళ్లాడు. అత్తమ్మ గుమ్మంలో కొత్తిమీర బాగుచేస్తోంది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను.

జ్యోతి నా దగ్గరికి వచ్చి చెవిలో అంది. "ఒక్కపారి చూస్త వదినా. మేడం చెప్పినట్టు సల్లగ పాడుత. నాయినకు ఇనరాకపోతే ఇగ ముంబైకి హాఁ అని ఫోన్ చేస్త."

ఫోనులో తంబూరా శ్రుతి పెట్టుకుని చాప మీద కూర్చుంది. ఫోను కింద పెట్టడం చూడగానే మామ స్టూలు లాక్కుని వచ్చాడు. అలవాటుగా సరిగ్గా ఎదురుగా.

ఆయనకు ఇష్టమైన భజన ఒకటి ఎత్తుకుంది. పిడికిళ్లు బిగించలేదు. సాంచాలు లేని ఆ గదిలో కూడా నాకు మాటలు అందడం లేదు, అంత నెమ్మదిగా పాడుతోంది. మొదట కొంచెం వణికింది, తర్వాత నిలబడింది. పాలు పొంగేముందు గిన్నె అంచున ఒక కదలిక ఉంటుంది, చూస్తే తప్ప తెలియదు. అలా ఉంది ఆ గొంతు. ఇన్నేళ్లూ మేము విన్నది ఆమె గొంతు కాదేమోననిపించింది.

మామ వేలు మోకాలి మీద కదులుతోంది. జ్యోతి అది చూసింది. చూసి, అలవాటు కొద్దీ వేస్తున్నాడనుకున్నట్టుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండో చరణం మధ్యలో ఆపేసి, ఫోను అందుకుని లేవబోయింది.

"గదేంది? సగంల ఇడిశిపెట్టినవు?" అన్నాడు మామ. "'తొవ్వ' అన్నంక ఆగిపోతివి. ముంగటిది మర్శిపోయినవా?"

సరిగ్గా ఆ మాట దగ్గరే ఆపిందని ఆమె మొహం చూస్తే తెలిసింది. పొయ్యి దగ్గర ఉన్న నాకు వినబడని మాట అది.

జ్యోతి మెల్లిగా కూర్చుంది. "నీకు ఇనొచ్చిందా నాయినా?" అని అడిగింది. ఆ అడగడం కూడా అంతే నెమ్మదిగా అడిగింది.

"ఏడ ఇనొస్తది? నా చెవులు బందై ఎన్నేండ్లాయె!"

"మరి?"

"నీ మూతి కనవడ్తలేదా ఏంది?"

గుమ్మంలో అత్తమ్మ పకపకా నవ్వింది. కొత్తిమీర ఒళ్లోంచి జారింది.

"కార్ఖానల ఎవలకు ఎవల మాట ఇనొస్తదే? చెవుల నోరు పెట్టి మొత్తుకున్నా ఇనరాదు. ఆడ మాట జూసుడే గని ఇనుడు లేదు. నేను గా మూలకు కండెలు సుట్టుకుంట ఈయనను తిడ్తే, ఈయన గీ మూలకెళ్లి మల్ల తిట్టెటోడు. నడుమ సేట్ నిలవడి ఉంటుండె, ఆయనకు ఒక్క ముక్క ఎర్కలే!"

"మాకెందుకు చెప్పలే అవ్వా?"

"చెప్పుడేంది? సాంచకాడ పనిచేసెటోళ్లందరు గంతే. నీకు ఎర్కనే అనుకున్న. నువ్వేమో కార్ఖానల అడుగు వెట్టకపోతివి, సదువుకుంటివి."

అత్తమామలు గొంతు పెంచకుండా ఎలా కాపురం చేశారో అప్పుడు నాకు అర్థమైంది. మనం ముందుకెళ్లి అరిస్తే మామ పలికేది అరిచినందుకు కాదు, ముందుకెళ్లినందుకు.

జ్యోతి తండ్రి మోకాళ్ల దగ్గరికి జరిగింది. "అయితే నేను గంత గట్టిగ ఎందుకు పాడిన నాయినా ఇన్నొద్దులు?"

"నాకేమెర్క బిడ్డా? సంగీతమంటే గట్లనే, మెడనరాలు ఉబ్బేటట్టు ఒర్రాలె గావచ్చు అనుకున్న. గా నరాలు జూస్తె నా పానం గజగజ అంటుండె. సదువుకున్న పొల్లవు, నీకు నేనేం చెప్త?"

"మరి కాలేజ్‌ల నాడు మంచిగ లేదంటివి?"

"గా మైకు డండా మూతికి అడ్డం వెట్టుకుంటివి గద! నువ్వేం పాడినవో దేవునికెర్క."

జ్యోతి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ ఆయన మోకాలి మీద తల పెట్టుకుంది. మామ ఆ తల పట్టుకుని పైకి లేపాడు. "మొఖం కిందికి వెడితె ఎట్లనే? ఏమంటున్నవో తెల్వద్దా?"

అప్పుడామె చెప్పింది. వడోదర మేడం సంగతి, ముల్లు సంగతి, గొంతు మిగలదన్న సంగతి. అంతా చిన్న గొంతుతోనే చెప్పింది. ఆయన ఒక్క మాట కూడా మళ్లీ అడగకుండా చివరిదాకా చూశాడు. చెవులున్న నేను రెండుసార్లు "ఏంటీ?" అనాల్సి వచ్చింది.

"గామె నిన్ను మల్ల మొదటిసంది నేర్పుతనన్నదా?" అన్నాడు మామ.

"అవ్ నాయినా."

"అయితే గామె కాడికే పో. నాకు ఒక్కటి మాత్రం సమజైతలేదు. నడుమ నడుమ నువ్వు శానసేపు నోరు తెరిచి ఊకుంటవు. గప్పుడు మాటలుండయి. గప్పుడు ఏం పాడుతవు?"

"గది ఆలాప్ నాయినా. అసలు పాట గందులనే ఉంటది."

మామ నిజంగా నష్టపోయినవాడిలా చూశాడు. "గన్నొద్దులసంది అసలుదే ఇడిశిపెట్టిన్నా నేను? మంచిగున్నది! గామెను అడుగు, గది నా అసొంటోనికి ఎట్ల చూపియ్యాలెనో."

శనివారం దాకా ఆగలేదు. జ్యోతి ఆ మధ్యాహ్నమే వడోదరకు ఫోను చేసి వస్తున్నానంది. ముంబై సార్‌కు కూడా తనే చేసి, మర్యాదగా, కారణం దాచకుండా చెప్పింది. సాయంత్రం పాండు వచ్చి సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. ఆఖరుకు, "పో పో, శక్కర పప్పు తిని లావైతె నా దిక్కు రాకు" అన్నాడు. మర్నాడు గోదాము దగ్గరి మార్వాడీ కొట్టునుంచి మంచి మిరప్పొడి కిలో తెచ్చి ఆమె పెట్టెలో పెట్టాడు.

మొదటి సెలవులకు జ్యోతి ఇంటికి వచ్చింది. లావు కాలేదు. గొంతులో ముల్లు లేదంది. పాట వినిపించమని చాల్‌లోవాళ్లు గుమ్మం దగ్గర చేరారు. ఆమె చాప వేసుకుని కూర్చుంది, మామ స్టూలు లాక్కున్నాడు. అవతల సాంచాలు జోరుగా ఆడుతున్నాయి. ఆమె పాట మొదలైందో లేదో కూడా తెలియలేదు. గుమ్మంలో వాళ్లు కాసేపు చెవులు రిక్కించారు. "గొంతు పోయినట్టున్నదే పాపం" అని ఒకావిడ గొణిగింది. ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

జ్యోతి వాళ్ల వైపు చూడలేదు. నోరు తెరిచి ఉంది, మాటలు లేవు. ఆ మాటలు లేని చోట ఆమె కుడిచెయ్యి ఒళ్లోంచి లేచింది. వేళ్లు విప్పుకుని గాలిలో కొంచెం పైకి, ఇంకా కొంచెం పైకి, గోరంత పైకి జరిగి నిలిచింది. వడోదరలో మేడం చెయ్యి అలాగే నిలిచింది. మామ ఆ చేతినే చూస్తున్నాడు. మోకాలి మీది వేలు ఆగిపోయింది. ఆయన చెయ్యి కూడా మెల్లిగా లేచి ఆమె చెయ్యి వెంట వెళ్లింది. ఒకచోట ఆమె చెయ్యి జారి దిగితే ఆయనదీ దిగింది. దిగి, ఆగి, "ఓహో" అన్నాడు.

ఆ గదిలో చెవులు సరిగ్గా ఉన్నవాళ్లం అత్తమ్మా, పాండూ, నేనూ ముగ్గురం ఉన్నాం. పాట అందుతున్నది ఆయన ఒక్కడికే. నేను చపాతీ కర్ర పక్కన పెట్టి, చేతుల పిండి తుడుచుకుని, వెళ్లి మామ పక్కన, జ్యోతికి ఎదురుగా కూర్చున్నాను.